అత్తకు వండిన జువ్వి చిగురు

అరకు దాటి కొండమీదికి పోయే దారిలో, చర్చి వెనక ఉంటుంది దైవాధీనం ఇల్లు. ఉన్న కాస్త కాఫీ తోట చూసుకుంటాడు, ఆదివారాలు చర్చిలో డోలక్ వాయిస్తాడు. నిరుడు వానల్లో అతని భార్య తెరిసమ్మ జ్వరంతో పోయింది. ఆమె తల్లి అచ్చియమ్మ ఎప్పటినుంచో కూతురి దగ్గరే ఉండేది. ఇప్పుడు ఆ ఇంట్లో అత్తా అల్లుడూ మిగిలారు.

ఇన్నేళ్ళూ వాళ్ళిద్దరూ నేరుగా మాట్లాడుకున్నది తక్కువ. ఏం చెప్పాలన్నా మధ్యలో తెరిసమ్మ ఉండేది. ఆమె పోయాక దైవాధీనం అన్నం వండి, కంచం అత్త ముందు పెట్టి, వాకిట్లోకి వెళ్ళిపోయేవాడు. తను ఎదురుగా ఉంటే మొహమాటపడి తినదని అతని భయం. లేకపోయినా ఆమె తినేది కాదు. అన్నమంతా కోళ్ళకు పోయేది.

చలి తగ్గాక తోటగట్టు మీది జువ్విచెట్టు ఎర్రగా చిగురు వేసింది. విచ్చుకోకముందే కోస్తేనే అది కూరకు పనికొస్తుంది. ఏటా అతను ఎక్కి తుంచుతుంటే తెరిసమ్మ కింద కొంగు పట్టేది. ఈసారి చెట్టువైపు వెళ్ళబుద్ధి కాలేదు. కానీ ముసలామెకు ఆ కూరంటే ప్రాణమని గుర్తొచ్చి, పొద్దున్నే ఎక్కాడు. కాసేపటికి కింద అలికిడైంది. అచ్చియమ్మ దుప్పటి చాచి నిలబడి ఉంది.

"నువ్వెందుకొచ్చినావత్తా? కాలు జారిపోద్ది."

"నా కాలు సంగతి సరే. నువ్వు బేగి కోసి దిగు."

కూర అతనే వండాడు. పచ్చిమిర్చి, ఎండురొయ్యలు అన్నీ వేశాడు. అచ్చియమ్మ ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది.

"ఏటి బాబూ, ఆకు ఉడికించిన నీళ్ళు పారబోసినావా?"

"పారబొయ్యాలా?"

"వగరుకి నోరంతా పట్టేసింది. ఇన్నేళ్ళు తిన్నావు, పొయ్యికాడికి ఒక్కపాలైనా తొంగి సూడలేదేటి?"

"నీ కూతురు సూడనిచ్చేదా?"

"నన్నూ రానిచ్చేది కాదు," అని అచ్చియమ్మ నవ్వింది. ఆ నవ్వు సగంలోనే ఏడుపైపోయింది. దైవాధీనం బయటికి పోలేదు, ఆమె పక్కనే కూలబడ్డాడు. మిగిలిన చిగురును ఆమె ఉడికించి, నీళ్ళు వార్చి, గట్టిగా పిండి, మళ్ళీ వండింది. ఇద్దరూ కలిసి తిన్నారు.

ఈస్టరుకి ఆమె కొడుకు నతానియేల్ గుమ్మలక్ష్మీపురం నుంచి వచ్చాడు. "అమ్మా, నాతో వచ్చెయ్యి. అల్లుడింట్లో ఎన్నాళ్ళుంతావు?" అన్నాడు.

ఉండమని అడగొచ్చో లేదో దైవాధీనానికి తెలియలేదు. లోపలికి వెళ్ళి, ఆ తర్వాత మళ్ళీ కోసి ఎండబెట్టిన చిగురు ఆమె కోసం మూటకట్టి తెచ్చాడు. అచ్చియమ్మ ఆ మూట తీసుకుని కొడుకు చేతిలో పెట్టింది.

"ఇది నీ పెళ్ళానికియ్యి. నానిక్కడే ఉంతాను."

వానలు మొదలయ్యేసరికి చెట్టునిండా చిన్న చిన్న పళ్ళు. పక్షులు తిన్నన్ని తినగా రాలినవాటిని అచ్చియమ్మ ఏరి, కడిగి, అల్లుడికి సగం పెడుతుంది. అరుగుమీద పక్కపక్కనే కూర్చుని తింటూ తెరిసమ్మ మొండితనం గురించి ఒకరికొకరు పితూరీలు చెప్పుకుంటారు.