పాసా, పాచా

మొన్న మా ఫ్యాక్టరీ టౌన్‌షిప్ ఆసుపత్రిలో పళ్ళ డాక్టరు నా నోట్లోకి లైటు వేసి చూసి, "పాచి బాగా పట్టిందండీ" అన్నాడు. తెరిచిన నోరు తెరిచినట్టే నవ్వాను. ఆయన చేతిలో అద్దం వణికింది. కారణం చెప్పే స్థితిలో లేను. చెప్పినా అందులో నా గొప్పేమీ లేదు.

కొన్నేళ్ళ కిందటి మాట. రాయగడలో ఉండే మా అక్క కూతురు ఒక జపాన్ విమానాల కంపెనీలో ఎయిర్‌హోస్టెస్ ఉద్యోగానికి తయారవుతున్న రోజులవి. ఇంటర్వ్యూ ఫోన్‌లోనే, వీడియోలో. జపాన్ భాషలో విమాన సిబ్బందిని ఏమంటారో తప్పకుండా అడుగుతారట. కెప్టెన్ని కిచో అంటారు, కో-పైలట్‌ని ఫుకుసోజూషి, ఎయిర్‌హోస్టెస్‌లందరికీ పెద్దని పాసా. ఆ మాటలు అప్పజెప్పించుకోవడానికి నేను ఆదివారాలు కోరాపుట్‌లో రైలెక్కి, సొరంగాలన్నీ దాటుకుని వెళ్ళేవాణ్ణి. నాకు జపనీసు ఒక్క ముక్క రాదు. కాని ఉచ్చారణలో నన్ను మించినవాడు లేడని నా నమ్మకం. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా ఇంటి యాసలో నేననే 'సెప్పు', 'సూడు' విని, కృష్ణా జిల్లా నుంచి వచ్చిన తోటి టెక్నీషియన్లు కాంటీన్‌లో పగలబడి నవ్వేవారు. అక్కడి ఒడియావాళ్ళతో నేను ఒడియా ఎంత తప్పుగా మాట్లాడినా ఎవరూ నవ్వలేదు. నా తెలుగుకే నవ్వారు. అప్పట్నుంచి పట్టుబట్టి నోటిలోని 'స'లన్నీ 'చ'లు చేసుకున్నాను.

మొదటి ఆదివారమే మేనకోడలు "కిసో" అంది. నాకు ఒళ్ళు మండింది.

"కిసో ఏమిటమ్మీ? కిచో! నోటికి 'స' వస్తే ఆగు. ఆగి 'చ' అను."

"ఒరే, దాని నోరు దానికొగ్గీరా" అంది అక్క వంటింట్లోంచి. నేను వదల్లేదు.

ఇంటర్వ్యూ నాడు తలుపు పక్కన, కెమెరాకి కనబడకుండా నిలబడ్డాను. ఫోన్లో జపాన్ ఆవిడ కెప్టెన్ని ఏమంటారని అడిగింది. "కిచో." నేను గర్వంగా తలూపాను. ఎయిర్‌హోస్టెస్‌లకి పెద్దని? పిల్ల నోరు తెరిచి, నావైపు చూసి, ఆగింది.

"పాచా."

ఆవిడ అర్థంకాక మళ్ళీ అడిగింది. "పాచా" అంది, ఈసారి ఇంకా గట్టిగా.

వంటింట్లోంచి అక్క గొంతు ఖంగుమంది. "పాచేటే అమ్మీ? పొద్దున్నే పళ్ళు తోంకున్నావు కదే!"

పిల్ల పకపకా నవ్వేసింది. ఆ నవ్వులోనే కో-పైలట్‌ని ఫుకుచోజూచి చేసింది.

ఉద్యోగం రాలేదు. ఆ కబురు తెలిసిన రోజు నన్ను స్టేషన్‌లో దింపుతూ అంది: "పాసా నాకు ముందే వచ్చును మావా. నువ్వొచ్చేక పోయింది." కోపంగా అన్నా బాగుండేది.

మరుసటేడు మళ్ళీ పిలుపొచ్చింది. ఈసారి నన్నూ అక్కనీ వీధిలోకి పంపించి లోపల గడియ పెట్టుకుంది. "నీ మూలంగానే నానూ బయటున్నాను" అని అక్క నన్ను తిడుతూనే ఉంది. ఉద్యోగం వచ్చింది.

ఇప్పుడు అక్కతో ఫోన్లో "సెప్పు" అందామనుకుంటాను. 'చ' వచ్చి అడ్డంగా కూర్చుంటుంది. ఆ 'స'ని పోగొట్టుకోవడానికి నా ఉద్యోగకాలమంతా పట్టింది. తిరిగి తెచ్చుకోవడానికి అంత కాలం నా దగ్గర లేదు.