పాలు పోసినయా, బ్లాకా? టి కణాల కోసం ఆదిలాబాద్ దాకా

ఇరవై ఏళ్ల కిందట కరీంనగర్‌లో, మా కాలేజీ సభలో, రోగనిరోధక శక్తి గురించి మాట్లాడాను. బ్యానర్ రాసినవాడు ‘టి కణాలు’ అన్నచోట ‘టీ కణాలు’ అని దీర్ఘం పెట్టి, పక్కన కప్పూ సాసరూ గీశాడు. కెమిస్ట్రీ లెక్చరర్ రాజేశం లేచి, "సార్, గవి పాలు పోసినయా, బ్లాకా?" అన్నాడు. ఆ రోజు నుంచి ఊరంతటికీ నేను చాయ్ సారును. పైగా రాజేశం, తినే తిండికీ ఆ కణాలకూ సంబంధమే లేదని వాదించాడు. రిటైరై ఆదిలాబాద్‌లో స్థిరపడిన ఆ మనిషి చేత తప్పు ఒప్పించాలనే ఈ ప్రయాణం.

పొద్దున ఆరింటికి కరీంనగర్‌లో ఎక్స్‌ప్రెస్ బస్సెక్కాను. జగిత్యాల, మెట్‌పల్లి, ఆర్మూర్, నిర్మల్ మీదుగా ఐదారు గంటల దారి, ఛార్జీ నాలుగు వందల లోపే. పక్క సీటులో సిరిసిల్లలో మరమగ్గాలు నడిపే ఒకాయన కూర్చున్నాడు. రిహార్సల్‌గా ఉంటుందని ఆయనకంతా వివరించాను. టి కణం ఒంట్లో కాపలా తిరిగే సిపాయి. శత్రువు కనబడితే ఒక్కటి వందలవుతుంది. అలా పెరగడానికి ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం కావాలి. పప్పులో, గుడ్డులో, నువ్వుల్లో ఉంటుంది. కొన్ని కణాలు ఒక ఎంజైముతో చుట్టుపక్కల ట్రిప్టోఫాన్‌ను ఖర్చు చేసేస్తాయి. అప్పుడు సిపాయి చల్లబడతాడు, ఒక్కోసారి కొట్లాట ఆపే పెద్దమనిషిగా మారతాడు. కడుపులోని బిడ్డను తల్లి ఒళ్లు పరాయిదని తరిమేయకపోవడానికి ఇదీ ఒక కారణమంటారు.

"అంటే బువ్వ బంద్ వెడితే కొట్లాట బంద్ అన్నట్టా సార్?" అన్నాడాయన. "మా ఇంట్ల ఉల్టా. బువ్వ పెట్టకపోతెనే షురువైతది." అని నిర్మల్ దాకా నిద్రపోయాడు. విజ్ఞానశాస్త్రానికి ఈ దేశంలో దక్కే మర్యాద ఇంతే.

మధ్యాహ్నానికి రాజేశం ఇంటి ముందు ఆటో దిగాను. సంచి నిండా పరిశోధన వ్యాసాల జిరాక్సులు.

"రా అన్నా, జర కూసో," అన్నాడు. నేను నోరు తెరవకముందే, "గప్పుడు నువ్వు చెప్పిందే నిజం. మొన్న సదివిన. తప్పు నాదే."

"అట్లెట్ల ఒప్పుకుంటవ్? వాదించు!"

"నువ్వే కరెక్టాయె. ఇంకేం వాదించాలె?"

ఒక్క జిరాక్సు కూడా బయటికి తీయనివ్వలేదు. ట్రిప్టోఫాన్ దొరకని కణంలా చల్లబడి కూర్చున్నాను. అప్పుడు వంటింట్లోంచి ఆయన భార్య కేకేసింది: "చాయ్ సారుకు పాలు పోసిందా, బ్లాకా?"

పాపం, ఆమె నిజంగానే అడిగింది. రాజేశం నవ్వు దాచుకోలేక దగ్గాడు. నా ఒంట్లో చల్లబడ్డవన్నీ ఒక్కసారి లేచి నిలబడ్డాయి.

"పాలు పోసిందే," అన్నాను.

తిరుగు బస్సులో ఆలోచించాను. సహనమంటే మంచితనమనుకుంటాం. కణాలకు అది చాలాసార్లు సరుకు అందకపోవడమే. నా వాదనకు సరుకు అందకుండా చేశాడు రాజేశం. కెమిస్ట్రీ బాగానే చదివాడు, కాదనను. కానీ బ్యానర్ మీది ఆ దీర్ఘం మాత్రం దిద్దలేదు. దాన్ని తిని నా కోపం ఇంకో ఇరవై ఏళ్లు బతుకుతుంది.

వెళ్లేవాళ్లకు ఒక్క సలహా: నిర్మల్‌లో బస్సు ఆగినప్పుడే చాయ్ తాగేయండి. ఆదిలాబాద్‌లో ఎవరడిగినా, తాగే వచ్చామని చెప్పవచ్చు.