పేరు లేని ఊట

సెద్రాక్ వ్యాను నడుపుతాడు, నేను నోరు నడుపుతాను. పొద్దున్నే మా రాజధాని యెరెవాన్‌లో జనాన్ని ఎక్కించుకుని సెవాన్ సరస్సు, నొరాదూజ్ శ్మశానంలోని శిలువరాళ్ళు, సెలిం కనుమ, నొరవాంక్ మఠం చూపించి, చీకటి పడ్డాక మళ్ళీ హోటళ్ళ దగ్గర దింపడం మా బతుకుదెరువు. ఒక్క రోజులో మా దేశమంతా చూసేశామని సంబరపడేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. సెద్రాక్‌కు మండదు.

"పోనీలే నాజెలి చెల్లీ, చూసినంత చూశారు. నువ్వు మాత్రం అంతా చూసేశావా ఏంటి?" అంటాడు.

ఆయనది సరస్సు అవతల ఒడ్డున, బంగాళాదుంపలు తప్ప ఇంకేమీ సరిగ్గా పండని పల్లె. కుర్రతనంలో లారీ నడిపేవాడు. దుంపలు వేసుకుని సెలిం కనుమ దాటి వెచ్చటి లోయలోకి దిగడం, ద్రాక్షలు, ఆప్రికాట్లు వేసుకుని తిరిగి ఎక్కడం. అలా దిగిన ఒక లోయ ఊళ్ళోనే శుషానిక్ కనబడింది. పెళ్ళయ్యాక ఆమెను ఆ దుంపల లారీలోనే కనుమ దాటించి తీసుకొచ్చాడు. "కారు అడిగాను, లారీ తెచ్చాడు. అప్పుడే తెలుసుకోవాల్సింది," అని ఆమె ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది. దారిలో కనుమ పైభాగాన రాళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారే చోట ఇద్దరూ దిగి దోసిళ్ళతో తాగారట. తర్వాత పుట్టిన కొడుకు మెరుఝాన్‌కు కూడా ఆ నీళ్ళంటే పిచ్చి. ఆ దారిన ఎప్పుడు వెళ్ళినా అక్కడ బండి ఆపించి, బోర్లా పడుకుని, మూతి పెట్టి తాగేవాడు. గడ్డం మొలిచాక కూడా అంతే.

కొన్నేళ్ళ కిందట శరత్కాలంలో యుద్ధం వచ్చేనాటికి మెరుఝాన్ సైన్యంలో ఉన్నాడు. యుద్ధం ముగిసింది. కొందరు తిరిగొచ్చారు, కొందరిని తీసుకొచ్చారు. మెరుఝాన్ ఆ రెండు జట్లలోనూ లేడు. పోయాడని ఎవరూ చెప్పలేదు, ఉన్నాడనీ చెప్పలేదు. దొరికిన ఎముకలతో పోల్చి చూడడానికి తల్లిదండ్రుల రక్తం కావాలని ఆఫీసర్లు ఇంటికొస్తే సెద్రాక్ చొక్కా చేయి పైకి మడిచాడు. శుషానిక్ మాత్రం తలుపు దగ్గరే అడ్డంగా నిలబడింది.

"నా రక్తం వాడి ఒంట్లో ఉంది. వాణ్ని వెతికి అందులోంచి తీసుకోండి," అంది.

మరుసటి ఎండాకాలం సెద్రాక్ ఆ ఊటకు రాయి కట్టాడు. మా దగ్గర దారి పక్కన ఊట కట్టించేది పోయినవాళ్ళ పేరు మీద. దాహమేసినవాడు ఆగుతాడు, తాగుతాడు, రాయి మీద పేరు చదివి "దేవుడు ఆత్మకు వెలుగునివ్వాలి" అంటాడు. ఆ ఒక్క మాట కోసమే అంత శ్రమా. సమాధి లేని కొడుకుకు తండ్రి చేయగలిగింది అదొక్కటే అనుకున్నాడు సెద్రాక్. సెలవు రోజులన్నీ కొండ మీదే గడిపి, ఎర్రరాయి మోసి, గొట్టం అమర్చి, కింద తొట్టి కట్టాడు. పేరు కోసం రాయి ముందుభాగం నున్నగా చెక్కించాడు. అప్పుడు గానీ ఇంట్లో చెప్పలేదు.

"బతికున్న బిడ్డకి ఊరి జనంతో చావు దీవెనలు పెట్టిస్తావా?" అంది శుషానిక్. "ఆ రాయి మీద వాడి పేరు పడిన రోజు నన్నూ దాని కింద పూడ్చెయ్."

రాయి అలాగే ఉండిపోయింది. ఆమె ఆ తర్వాత ఆ కనుమ ముఖం చూడలేదు. లోయలో ఉన్న చెల్లెలింటికి వెళ్ళాలన్నా కిందనుంచి, పెద్ద రోడ్డు మీదుగా బస్సులో వెళ్ళేది. ఏటా చలికాలం రాగానే కొడుకు కాలి కొలతకు ఒక జత ఉన్ని మేజోళ్ళు అల్లి బీరువాలో పెట్టేది.

సెద్రాక్ మాత్రం ప్రతి ప్రయాణంలోనూ ఊట దగ్గర వ్యాను ఆపేవాడు. జనం తాగి, ఆహా ఓహో అని, ఫొటోలు దిగి, "ఇది ఎవరిది?" అని అడిగేవారు. "దాహమేసినవాళ్ళది," అనేవాడు. అని వ్యాను వెనక్కి వెళ్ళి, బాగానే ఉన్న టైర్లను కాలితో తన్ని చూసేవాడు. ఒక్క దీవెన కోసం కట్టిన రాయి దగ్గర నుంచి అందరూ ఆ దీవెన చెప్పకుండానే వెళ్ళిపోయేవారు. భోజనాల దగ్గరా అదే తంతు. బతికున్నవాళ్ళ పేరు మీద తాగేటప్పుడు మేము గ్లాసులు తాకిస్తాం, పోయినవాళ్ళను తలుచుకుని ఎత్తేటప్పుడు తాకించం. కొడుకు కోసం తాకించాలో, మానాలో తేల్చుకోలేక సెద్రాక్ సరిగ్గా ఆ సమయానికి తన పళ్ళరసం గ్లాసు అక్కడే వదిలి బయటికి నడిచేవాడు.

కిందటి జూన్‌లో శుషానిక్ చెల్లెలికి ఆపరేషన్ అయ్యింది. పండగ రోజులు కావడంతో కింద రోడ్డు బస్సులన్నీ కిక్కిరిసిపోయాయి. మా వ్యానులో ఒక సీటు ఖాళీగా ఉంది. శుషానిక్ సంచి ఒళ్ళో పెట్టుకుని, మొగుడి వంక చూడకుండా, వెనక సీట్లో కూర్చుంది.

సెద్రాక్ నన్ను పక్కకు పిలిచాడు. "ఇవాళ ఊట దగ్గర ఆపను. నువ్వు కూడా దాని గురించి నోరెత్తకు."

"నేనెప్పుడు ఎత్తాను అన్నా?"

"నువ్వా? నీ నోటికి బ్రేకులుంటే వ్యానుకి బిగించుకునేవాణ్ని."

ఆ రోజు వచ్చినవాళ్ళు ఫ్రాన్సు నుంచి ఒక జంట, బీరూట్ నుంచి పార్సెగ్ అనే ముసలాయన. పార్సెగ్ తాతల ఊరు ఇప్పుడు సరిహద్దుకు అవతల ఉంది. నూరేళ్ళ కిందటి ఊచకోతలో పోయిన ఆ ఇంటి పెద్దల్లో ఒక్కరికీ సమాధి లేదు. అందుకేనేమో, నొరాదూజ్‌లో కనబడిన ప్రతి శిలువరాయినీ తడిమి, ముద్దు పెట్టుకుని, ఎవరిదైనా సరే ఒక దీవెన చెప్పి గానీ కదల్లేదు.

అక్కడ నేను ఎప్పుడూ చెప్పే కథే చెప్పాను. శత్రువుల దండు వస్తోందని తెలిసి, ఊళ్ళో మగవాళ్ళు చాలినంత మంది లేక, జనం ఈ రాళ్ళకు టోపీలు పెట్టి, దుప్పట్లు కప్పి, కత్తులు ఆనించారట. దూరం నుంచి చూసిన దండు అది పెద్ద సైన్యమనుకుని వెనక్కి తిరిగిందట. ఫ్రాన్సువాళ్ళు నవ్వారు. శుషానిక్ అప్పటిదాకా మేజోళ్ళు అమ్మే ముసలమ్మతో కయ్యం పెట్టుకుని ఉంది. "మడమ దగ్గర ఇంత వదులా? నాలుగడుగులేస్తే జారిపోతుంది," అని ఈమె, "నువ్వల్లినవి వేసుకుంటే కాళ్ళకి రెక్కలొస్తాయి కాబోలు," అని ఆమె. కథ వినబడి ఇటు తిరిగింది.

"శత్రువులు పోయాక ఆ టోపీలు తీసేశారా?" అని అడిగింది.

ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. "తీసేసే ఉంటారు వదినా."

"తీస్తుంటే చూడలేకపోయి ఉంటారు పాపం. అప్పటిదాకా మనుషులు కదా."

నేను అందరినీ వ్యాను ఎక్కించాను.

కనుమ ఎక్కుతున్నంతసేపూ సెద్రాక్ ఒక్క పరాచికం ఆడలేదు. మంచు కరిగిన వాలుల నిండా పసుపు పూలున్నాయి, గొర్రెల మంద ఒకటి రోడ్డుకు అడ్డం వచ్చింది, అయినా కాపరిని కూడా తిట్టలేదు. దూరాన ఎర్రరాయి కనబడగానే యాక్సిలరేటర్ తొక్కాడు. ఊట కిటికీ పక్కనుంచి సర్రున వెనక్కి పోయింది. శుషానిక్ కళ్ళు మూసుకుని ఉండడం నేను చూశాను. కానీ ఆ ఎత్తులో ఆ పాత ఇంజనుకు అంత తొందర పనికిరాదు. పై మలుపు తిరుగుతుండగానే బుస్సుమని ఆవిరి లేచింది. వ్యాను ఆగిపోయింది.

రేడియేటర్‌లో పోయడానికి నీళ్ళు కావాలి. తాగే నీళ్ళ సీసాలన్నీ ఫ్రాన్సువాళ్ళు సరస్సు దగ్గరే ఖాళీ చేశారు. సెద్రాక్ కాసేపు ఆ ఆవిరి వంక చూస్తూ నిలబడ్డాడు. చేసేదేమీ లేక బకెట్ తీసుకుని కిందికి నడిచాడు. నీళ్ళున్నాయని తెలిసి పార్సెగ్ బయల్దేరాడు, ఆయన పడిపోతాడేమోనని వెంట నేను. వెనక చెప్పుల చప్పుడైతే తిరిగి చూశాను. శుషానిక్ వస్తోంది.

పార్సెగ్ గొట్టానికి నోరు పెట్టి కడుపునిండా తాగాడు. మీసం తుడుచుకుని రాయి ముందు వంగి వెతికాడు. చుట్టూ తిరిగి వెనక కూడా చూశాడు.

"పేరేదయ్యా? కట్టినవాడు మర్చిపోయాడా ఏంటి? మా బీరూట్‌లో నీళ్ళు కొనుక్కుని తాగుతాం. ఇంత చల్లటి నీళ్ళు ఊరికే తాగి, ఎవరికీ ఒక మాట చెప్పకుండా పోతే నాకు అరగదు. ఇది ఎవరిది?"

సెద్రాక్ బకెట్ గొట్టం కింద పెట్టి, "దాహమేసిన..." అని మొదలుపెట్టాడు.

శుషానిక్ రాయి దగ్గరికి వచ్చి, ఏమీ చెక్కని ఆ నున్నటి భాగం మీద అరచేయి ఆనించింది. ఎండకు వేడెక్కి ఉందేమో, చేయి తీసి మళ్ళీ పెట్టింది.

"మెరుఝాన్‌ది," అంది.

"ఎవరమ్మా ఆయన?"

"మా అబ్బాయి."

ముసలాయన టోపీ తీసి ఛాతీకి ఆనించుకున్నాడు. "దేవుడు మెరుఝాన్ ఆత్మకు వెలుగునివ్వాలి," అన్నాడు.

నాకు భయమేసింది. ఆ దీవెనకు ఒక బదులుంది. అది చెప్పేది పోయినవాడి ఇంటివాళ్ళే. ఆ బదులు చెబితే తన మనిషి పోయాడని ఒప్పుకున్నట్టే. శుషానిక్ ఆయన మీద విరుచుకుపడుతుందని, రాయి తీసుకుని ఆ ఊటనే పగలగొడుతుందని అనుకున్నాను. ఆమె వంగి దోసిలి పట్టి, నెమ్మదిగా తాగి, తడి చేతులతో ముఖం తుడుచుకుంది.

"మీ పోయినవాళ్ళ ఆత్మకు కూడా, పెద్దాయనా."

పార్సెగ్ తలవంచాడు. తన పోయినవాళ్ళకు దీవెన దొరికిందని కాబోలు, ఆ రాయిని కూడా ముద్దు పెట్టుకున్నాడు. బకెట్ నిండి నీళ్ళు సెద్రాక్ బూట్ల మీదుగా పారుతున్నాయి. ఆయనకు తెలియడం లేదు.

"పొర్లిపోతోంది, కనబడట్లేదా?" అని కసిరింది శుషానిక్.

సెద్రాక్ ఆ తడి నేల మీదే కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. ఆమె పక్కన కూర్చోలేదు, ఓదార్చలేదు. బకెట్ తనే ఎత్తుకుని వ్యాను వైపు నడిచింది. నేను సాయం పట్టబోతే, "దుంపల లారీలో కాపురానికొచ్చినదాన్ని, ఒక బకెట్ మోయలేనా?" అంది.

ఆ రోజు లోయలో భోజనం దగ్గర పార్సెగ్ పోయినవాళ్ళ కోసం గ్లాసు ఎత్తాడు. సెద్రాక్ బయటికి వెళ్ళలేదు. పళ్ళరసం గ్లాసు పట్టుకుని, ఎవరి గ్లాసుకూ తాకించకుండా తాగాడు.

ఆ నెలాఖరులోనే పేరు చెక్కించారు. శుషానిక్ దగ్గరుండి చెక్కించింది. అక్షరాలు చిన్నవయ్యాయని రాతిపనివాణ్ని దులిపేసి, బండిలో పోయేవాడికి కూడా కనబడేంత పెద్దవి చేయించింది. పేరు కింద పుట్టిన సంవత్సరం పూర్తయ్యాక, అతను ఉలి పక్కకు జరిపి, రెండో సంవత్సరం ఏం వేయమంటారని సెద్రాక్‌ను అడిగాడు. సెద్రాక్ భార్య వైపు చూశాడు.

"వాడు పుట్టడం నేను చూశాను, అది చెక్కావు చాలు," అంది శుషానిక్. "రెండోది నేను చూళ్ళేదు."