పసుపు బొట్టు పెట్టిన సర్వీసు పుస్తకం

నా బీరువాలో, చొక్కాల అడుగున, ఒక కారు సర్వీసు పుస్తకం ఉంది. నాది కాదు. కొన్నేళ్ళుగా బీరువా తెరిచిన ప్రతిసారీ నా చెయ్యి దాన్ని తప్పించుకుని పోతోంది. కాగితాల బరువెంత? అయినా మోయలేకపోతున్నాను. మీకు నేనెవరో తెలియదు కాబట్టి చెబుతున్నాను. తెలిసినవాళ్ళకి చెప్పే ధైర్యం నాకు లేదు.

నేను యాంగోన్‌లో, అంటే పాత రంగూన్‌లో, ఒక కొత్త కార్ల షోరూములో సేల్స్‌మన్‌ని. మింగళ తౌంగ్‌న్యున్‌ పేటలో, రైలు స్టేషను దగ్గరి మా తెలుగువాళ్ళ ఇరుకు వీధిలో, అదే పెద్ద హోదా. తాతలు రేవులో బస్తాలు మోశారు, నేను మెడకి టై కట్టాను. అంతే నా గొప్ప. నిజానికి నేను అమ్మింది కార్ల కన్నా ఎక్కువగా కాగితాలు. ముందే డబ్బు కట్టించుకుని మూడేళ్ళు సర్వీసు చేస్తామనే ప్యాకేజీ. పేరులో బంగారం అన్న మాట కూడా ఉండేది. లోపల ఏముంది? ఇంజనాయిలు మార్పు, ఫిల్టరు మార్పు, పైపైన ఒక చూపు. బ్రేకులు లేవు, బ్యాటరీ లేదు, టైర్లు లేవు. పైగా ఒక షరతు: బయటి మెకానిక్ చెయ్యి పెడితే ప్యాకేజీ చెల్లదు. బాగా తిరిగే బండికి, షోరూము నిలబడి ఉంటే, కొంత లాభమే. ఆ "నిలబడి ఉంటే" అన్న ముక్క మాత్రం మేమెవరికీ చదివి వినిపించలేదు.

సైన్యం అధికారం లాక్కున్న నెల అది. గాజు తలుపుల అవతల ఊరంతా నిరసనగా మూడు వేళ్ళు పైకెత్తి నడుస్తోంది. ఇవతల మేము తెరలు సగం దించుకుని ఏసీలో కూర్చున్నాం. ఒక రోజు మేనేజరు మమ్మల్ని లోపలికి పిలిచాడు. విదేశీ కంపెనీ వెళ్ళిపోతోందట, విడిభాగాలు ఇక రావట, నెలాఖరుకి సర్వీసు షెడ్డు మూత. కొనేవాళ్ళకి చెప్పొద్దన్నాడు. ఈలోగా అమ్మగలిగినన్ని ప్యాకేజీలు అమ్మమన్నాడు. ఎక్కువ అమ్మినవాడి ఫోటో ఆ నెల గోడ మీద పెట్టేవారు. నాకు ఆ ఫోటో కావాలనిపించింది. ఊళ్ళో పిల్లలు తుపాకులకి ఎదురు నిలబడుతుంటే, నాకు కావలసింది మంచినీళ్ళ కూజా పక్కన ఒక ఫోటో. ఇంత చవక మనిషిని మీరెక్కడైనా చూశారా?

ఆ వారంలోనే అప్పన్న మావ వచ్చాడు. మా నాన్న స్నేహితుడు. అరవైకి దగ్గర పడ్డాక, ఉన్నదంతా పెట్టి మా దగ్గరే కారు కొని టాక్సీ తిప్పుకుంటున్నాడు. ఇల్లంతా ఆ బండి మీదే గడుస్తోంది. ఉచిత సర్వీసులు అయిపోయాయి, ప్యాకేజీ తీసుకోవాలా, మా వీధి మెకానిక్ కో ఔంగ్ దగ్గరే చేయించుకోవాలా అన్నది ఆయన సందేహం. ఫోన్లు పనిచెయ్యక, అడ్డంగా పడేసిన ఇసుక బస్తాల మధ్య నుంచి నడిచి వచ్చాడు. నేను రంగుల కాగితం పరిచాను. ఆయన దాన్ని చూడలేదు. నన్నే చూశాడు.

"ఇదంతా నాకేటి తెలుస్తాది బాబూ. నీ బండికయితే తీసుకుందువా? అదొక్కటీ సెప్పు."

"కళ్ళు మూసుకుని తీసుకుందును మావా. కో ఔంగ్ సెయ్యి మాత్రం పడనియ్యకు."

సంతకం పెట్టేశాడు. మనవాడు గాజు తలుపుల వెనక ఉన్నాడన్న ధీమా తప్ప ఆయన దగ్గర ఇంకే లెక్కా లేదు. కారు కొన్నప్పుడు దానికి కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించి, ఈ ఊరి ఆచారం ప్రకారం ముందు తబ్యే ఆకులు కూడా కట్టిన మనిషి. ఇప్పుడు ప్యాకేజీ సర్వీసు పుస్తకానికి పసుపు బొట్టు పెట్టి దేవుడి గూట్లో పెట్టాడు. గూట్లోకి ఎక్కాక అది షోరూము షరతు కాదు, మొక్కు. మొక్కు తప్పే మనిషి కాదాయన.

నెలాఖరుకి షోరూము మూసేశారు. అంతకు ముందు నా ఫోటో ఎనిమిది రోజులు గోడ మీద ఉంది. చూసినవాడు లేడు.

ఆ తరవాత చేసింది ఇంకా నీచం. ప్రతి శుక్రవారం గుళ్ళో మావ కనిపించేవాడు. ఎప్పుడు తెరుస్తారని అడిగేవాడు. వచ్చే నెల అనేవాణ్ని. ఆయిలు మార్చే గడువు దాటింది, మళ్ళీ దాటింది. కో ఔంగ్ డబ్బు వద్దు, ఊరికే మారుస్తానన్నా మావ ఒప్పుకోలేదట, పుస్తకంలో షోరూము ముద్రే పడాలన్నాడట. ఇక తెరవరు మావా, ఆయిలు మార్పించుకో అని ఒక్క ముక్క చెబితే సరిపోయేది. ఎందుకు చెప్పలేదు? చెబితే, ఎప్పటి నుంచి తెలుసని అడుగుతాడు. ఆ ప్రశ్నకి భయపడి ఒక మనిషి బతుకుతెరువుని అరగనిచ్చాను.

ఏడాది తిరిగాక, కుండలు చేసే ట్వంటే ఊరి నుంచి ఒక కుండల బేరగాణ్ని ఎక్కించుకుని వస్తుంటే దారిలో ఇంజను పట్టేసింది. విప్పి చూస్తే లోపల ఆయిలు ముదురు పాకంలా ఉందని కో ఔంగ్ చెప్పాడు. కొత్త ఇంజను దొరికే రోజులు కావు. బండిని తుక్కు కింద ఇచ్చేశారు. మావ ఇప్పుడు ఊరి చివర లైంగ్‌థార్యార్‌లో ఒక బట్టల ఫ్యాక్టరీ దగ్గర నిలబడి వేరేవాళ్ళ కార్లకి గేటు తీస్తున్నాడు.

పుస్తకం నా చేతికిచ్చింది ఆయనే. రోజులు బాగులేక ఇలా అయింది, నీ తప్పేమీ లేదు అని నన్నే ఓదార్చాడు. మళ్ళీ తెరిస్తే కంపెనీవాళ్ళకి చూపించమన్నాడు. రెండు చేతులా అందుకున్నాను. తల ఊపాను కూడా.

ఒక్కటి మిగిలింది. నీ బండికయితే తీసుకుందువా అని మావ నన్ను అడిగిన రోజు పొద్దున నేను షోరూముకి నడిచి వెళ్ళాను. నా పాత కారు కో ఔంగ్ షెడ్డులో ఉంది. ఆయిలు మార్చమని నేనే ఇచ్చి వెళ్ళాను. మావ సంతకం పెట్టిన సాయంత్రమే దాన్ని తెచ్చేసుకుని, ఆయన కంట పడకుండా వేరే పేటలో మెకానిక్‌ని చూసుకున్నాను. ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. చెప్పాక కాస్త తేలిగ్గా ఉంది. ఆ తేలిక కూడా నాకే దక్కింది, మావకి కాదు.