మనవాళ్ల క్లిక్కులు

రాజోలులో చర్చి పెళ్లిళ్లకు తెల్ల గౌన్లు కుట్టే కొట్టు నాది. చేతిపని బాగుందనేవాళ్లే గాని కొట్టు మెట్లెక్కేవాళ్లు తగ్గిపోయారు. ఈ పెళ్లిళ్ల సీజన్ కూడా ఇలాగే పోతే మిషన్లు అమ్మేసి, రమ్మంటున్న ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేరిపోతానని ఇంట్లో అనేశాను. అనడం తేలిగ్గానే అన్నాను. ఆ తర్వాత మిషను ముందు కూర్చున్నప్పుడల్లా కుట్టడం మాని దాన్నే తుడుస్తూ ఉండేదాన్ని.

ఆఖరి ప్రయత్నంగా ఇంటర్నెట్లో ప్రకటన పెట్టాను. వీడియోలు చూసి ఆ మాటలు ఒంటబట్టించుకునేసరికి ప్రాణం తోకకొచ్చింది. 'పెళ్లి గౌను' అని ఎవరైనా వెతికితే మన ప్రకటన రావాలి. ఆ వెతికే మాట కీవర్డ్. ప్రకటన ఒకసారి తెర మీద కనబడితే ఇంప్రెషన్, దానికి మనమేమీ ఇవ్వక్కర్లేదు. వేలు పెట్టి నొక్కితే క్లిక్, నొక్కిన ప్రతిసారీ మన డబ్బు పోతుంది. అలా నొక్కినవాళ్లు ఫోన్ చేసి గౌను కుట్టమంటే అది కన్వర్షన్. రోజుకి ఇంతకు మించి పెట్టనని మనం గీసుకున్న గీత బడ్జెట్. అదయిపోతే మర్నాటి దాకా ప్రకటన ఎవరికీ కనబడదు.

తీరా చూస్తే, పొద్దున్నే కాఫీ గ్లాసులు కడిగేలోపు ఆ రోజు బడ్జెట్ ఖాళీ. క్లిక్కులు బోలెడు, ఫోన్ ఒక్కటీ లేదు. రోజూ ఇదే వరస. పోటీవాళ్లు కావాలని నొక్కి డబ్బు కరగదీస్తారని ఒక వీడియోలో విన్నాను. ఇంకేముంది, అమలాపురంలో కొత్తగా వెలిసిన గౌన్ల షాపు గుర్తొచ్చింది. నాకు కోపమొస్తే ఆగను. కొట్టుకి తాళం కూడా తియ్యకుండా బయల్దేరాను.

వరండాలో చెప్పులు వేసుకుంటుంటే మా మావయ్య గారు, అంటే మా ఆయన నాన్నగారు, ఫోన్ లోంచి తలెత్తారు. హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి.

"ఎక్కడికమ్మా, ఈ ఎండలో?"

"అమలాపురం అండీ. ఆ షాపువాళ్లు పనిగట్టుకుని నా ప్రకటన నొక్కేస్తున్నారండీ. మొహమ్మీదే అడిగేసొస్తాను."

ఆయన నవ్వారు. "వాళ్లెందుకు నొక్కుతారమ్మా? మనోళ్లే. నేనే చెప్పేను ఫ్యామిలీ గ్రూపులో. పొద్దున్న ప్రార్థనవ్వగానే 'పెళ్లి గౌను' అని వెతికి, మన కోడలి ప్రకటన అందరూ ఓసారి నొక్కండని. తాటిపాక నుంచి మీ పిన్నత్తగారైతే రెండేసి సార్లు నొక్కుతున్నానన్నారు."

ఒక కాలికి చెప్పుతో అలాగే నిలబడిపోయాను. ఆయన మీద అరవలేను. చెప్పకపోతే కొట్టు దక్కదు.

"మావయ్య గారండీ, నొక్కినప్పుడల్లా డబ్బు మనదే పోతుందండీ. మనవాళ్లు నొక్కడం అయ్యేసరికి బయటివాళ్లకి ప్రకటనే కనబడట్లేదండీ."

"లైకు కొట్టడం లాంటిది కాదామ్మా?"

"కాదండీ."

ఆయన నవ్వు పోయింది. ఫోన్‌లో గ్రూపు తెరిచి చూశారు. "మరి రోజూ ఇంతమంది మన కొట్టు చూస్తున్నారు కదా. ఈ గ్రూపులోనే మూడు పెళ్లిళ్లున్నాయి. ఒక్కళ్లూ గౌను కుట్టమన్లేదేమ్మా?"

నా కోపమంతా ఎటుపోయిందో, ఏడుపొచ్చింది. చెప్పు విప్పేశాను. ఆయన ఒక్కో అక్షరం వెతుక్కుంటూ గ్రూపులో రాశారు: ఎవరూ నొక్కవద్దు. గౌను కావలసినవారు కొట్టుకు రండి. జవాబుగా దణ్ణాల బొమ్మలు వరసగా వచ్చాయి.

మర్నాడు ప్రకటన మధ్యాహ్నం దాకా నిలిచింది. మావయ్య గారు అన్నం తిని నాతోపాటే వచ్చి కొట్టులో కూర్చున్నారు. ఇద్దరం ఫోన్ కేసే చూస్తున్నాం. మోగింది. కొత్తపేట నుంచి ఒకావిడ. కూతురి పెళ్లట, సాయంత్రం పిల్లని తీసుకుని కొలతలకి వస్తానంది.

ఫోన్ పెట్టగానే అడిగారు. "మనోళ్లేనా అమ్మా?"

"కాదండీ."

"ఆయ్," అన్నారు. కండువా తీసి, వచ్చేవాళ్ల కోసం కుర్చీలు తుడవడం మొదలుపెట్టారు.