అరిగిన రూపాయి కోసం సంగారెడ్డి దాకా

ఇరవై ఏళ్లుగా పాత నాణేలు సేకరిస్తున్నాను. బతుకుదెరువు మాత్రం తూకం మిషన్లు బాగుచేయడం. నిరుడు పటాన్‌చెరు దగ్గర ఒక ఫ్యాక్టరీకి పనిమీద వెళ్లినప్పుడు, అక్కడి క్యాంటీన్‌లో వంట చేసే రత్నమ్మ నా సరదా సంగతి విని, తన మెడలోని వెండి రూపాయి తీసి చూపించింది. బ్రిటిష్ కాలం నాటిది. రాజు మొహం నున్నగా అరిగిపోయింది. దారం ఎక్కించడానికి పైన కొక్కెం అతికించారు. "ఇది ఉంచుకోవాల్నా సార్?" అని అడిగింది. అప్పుడే బాగుచేసిన మిషన్ మీద పెట్టి తూచి, "ఇంత పాడైనదాన్ని ఎవరూ కొనరమ్మా. ఉంచుకోవడం దండగ, వెండి ధరకు ఇచ్చేయండి" అన్నాను. వెనకవైపు ఉన్న సంవత్సరం మాత్రం అలవాటుకొద్దీ నోట్‌బుక్‌లో రాసుకున్నాను. పోయిన వారం ఆ పేజీ కంటపడితే నాణేల జాబితాతో సరిచూశాను. ఆ ఏడాది అచ్చు వేసినవి తక్కువ. అరిగినా, అతికించినా అడిగి కొనేవాళ్లున్నారు. ఆ మాట ఆమెకు చెప్పాలనే బయలుదేరాను.

శనివారం ఉదయం ఎనిమిదింటికి కూకట్‌పల్లిలో బస్సెక్కితే, నలభై రూపాయల టికెట్‌తో తొమ్మిదిలోపే పటాన్‌చెరులో దిగాను. క్యాంటీన్‌లో రత్నమ్మ ఉల్లిగడ్డలు కోస్తోంది. నన్ను గుర్తుపట్టి స్టూలు జరిపింది. రూపాయి సంగతి అడిగితే, "అమ్మిన సార్, దసరా ముంగట. మీరు చెప్పిన్రు గద" అంది. గొంతులో నిష్ఠూరమేమీ లేదు. సంగారెడ్డి పాత బస్టాండు దగ్గరి కంసాలికి ఇచ్చిందట. ఇంకా ఉందేమో చూసి వస్తానన్నాను. ఆమె కత్తిపీట పక్కన పెట్టి లేచింది. "జెర అడిగి సూడుండ్రి. ఉంటె నేనే మల్ల కొనుక్కుంట. నాలుగింటికి డ్యూటీ దిగి కర్దనూర్ల ఇంటికాడ ఉంట."

పటాన్‌చెరు నుంచి సంగారెడ్డికి బస్సులో ముప్పావు గంట. పదకొండుకు ముందు వెళ్తే వెండి దుకాణాలు మూసే ఉంటాయి. నేను మెట్ల మీద కూర్చుని ఎదురుచూశాను. కంసాలి అరవై దాటిన మనిషి. "కొక్కెమున్న రూపాయిలా? వారానికి నాలుగొస్తయ్ సార్. వచ్చినయి వచ్చినట్టె కరిగిస్తం" అన్నాడు. రత్నమ్మది గుర్తుందా అంటే తలూపాడు. "గుర్తున్నది, అది గూడ అప్పుడే కరిగిచ్చిన. పట్టీలు చేస్తనన్నా వద్దని పైసలే తీస్కపోయింది. ఏంది, దొంగ సొమ్మా?"

"కాదు. నేనే తప్పు సలహా ఇచ్చాను."

ఆయన ఇంకేమీ అడగకుండా చాయ్ తెప్పించాడు.

తిరిగి పటాన్‌చెరు వచ్చి, నాలుగు దాటాక కర్దనూర్‌కు షేర్ ఆటో ఎక్కాను, ముప్పై రూపాయలు. "ఎవరింటికి సార్?" అని డ్రైవర్ అడిగాడు. పేరు చెబితే, "క్యాంటీన్ రత్నక్కనా?" అని ఇంటి ముందే దింపాడు. గుమ్మంలో నిలబడే అంతా చెప్పేశాను, సంవత్సరం సంగతితో సహా.

"పైసల ముచ్చట ఇడ్సిపెట్టుండ్రి సార్. అది మా అమ్మది. చర్చిల ప్రార్థన చేసుకునేటప్పుడు బొటనవేలు దాని మీద రుద్దుకుంట కూసునేది. నాకు బుద్ధి తెల్సినకాడికెల్లి సూసిన. ఆ మొహం గట్లనే అరిగింది."

"ఆ రోజు ఈ మాట చెప్పలేదేమమ్మా?"

"మీరు అడగలే. మిషన్ మీద పెట్టి గ్రాములు చెప్పిన్రు. దండగ అన్నంక మెడల ఏసుకునుడు నామోషి అనిపిచ్చింది." లోపలికి రమ్మని చాప పరిచింది. ఆ మర్యాదే నాకు ఎక్కువ కష్టంగా తోచింది.

అరిగిన నాణేలు దాచుకోవాలా అని ఈ బ్లాగులో చాలామంది అడుగుతుంటారు. ధర చూసే జవాబిస్తూ వచ్చాను. రత్నమ్మ అడిగింది ఉంచుకోవాలా అని, నేను చెప్పింది ఎంతకు పోతుందని. కనీసం ఫోటో అయినా ఉందా అని వచ్చేముందు ఆమె అడిగింది. నా దగ్గరున్న ప్రతి నాణేనికీ రెండువైపులా ఫోటోలున్నాయి. దానికి తీయలేదు, తీసేంత విలువైంది కాదనుకున్నాను. మీరు పాత వెండి అమ్మడానికి సంగారెడ్డి వెళ్తుంటే, బస్సెక్కే ముందే ఇంట్లో వెలుతురున్న చోట రెండువైపులా ఫోటో తీసి, అది ఎవరి ఒంటి మీద ఉండేదో కింద రాసిపెట్టుకోండి. దుకాణంలో ఆ పనికి సమయం ఇవ్వరు.