డీజిలు ఇంజను

బుచ్చిరెడ్డిపాలెంలో ధాన్యం వర్తకుడు పద్మనాభయ్య దగ్గర యెహోషువ కారు డ్రైవరు. స్వదేశానికి వెళ్లిపోతున్న ఒక అమెరికా దొర దగ్గర కొన్న ఆ పొడవాటి కారును అతడు తెల్లారగానే తుడిచి, ఇంజను స్టార్టు చేసి, కాసేపు చెవి ఒగ్గి వినేవాడు. "వాళ్ల దేశంలో పెట్రోలు చవకయ్యా. అందుకే ఇంత పెద్ద ఇంజను పెట్టినారు," అనేవాడు.

"మనకు చవక కాదు గదా," అని పద్మనాభయ్య మద్రాసులో దానికి డీజిలు ఇంజను వేయించాడు. ఖర్చు సగానికి తగ్గింది గాని, అప్పటినుంచి కారు నిలువెల్లా వణికేది.

ఆ వేసవిలో పద్మనాభయ్య తల్లి వెంకటశేషమ్మకు గుండెనొప్పి వచ్చింది. నెల్లూరు ఆసుపత్రికి బయలుదేరారు. దారిలో ఆమె వెనకసీట్లోంచి యెహోషువ భుజం పట్టుకుంది.

"మెల్లగా పోనీ నాయనా. ఈ అదురుకు ఓర్చుకోలేకుండా ఉండాను."

"ఆగబాక, తొందరగా తోలు," అన్నాడు ఆమె పక్కనున్న పద్మనాభయ్య.

యెహోషువ వేగం తగ్గించాడు. కోవూరు దాటి పెన్న వంతెన ఎక్కేసరికి అతని భుజం మీది చెయ్యి జారిపోయింది.

ఎంత తొందరగా తెచ్చినా దక్కేది కాదని డాక్టరు చెప్పాడు. పద్మనాభయ్య ఆ రోజూ ఏమీ అనలేదు, ఆ తరువాతా అనలేదు. ఒక్కసారి తిట్టినా బాగుండునని యెహోషువ చాలాకాలం ఎదురుచూశాడు.